గోరింకగారి శ్రోతలు

చింతచెట్టు తొర్రలో కూర్చుని కోయిల పాటల్ని అచ్చుగుద్దినట్టు వినిపించడం గోరింక పని. పాటకీ పాటకీ మధ్య "అడవంతా చెవులు రిక్కించి వింటోంది!" అని డబ్బా కొట్టుకోవడం దాని సరదా.

ఒకరోజు కోయిల తరఫున కాకి వచ్చి వాలింది. "పాట కోయిలమ్మది. వినే ప్రాణికో రేగుపండు చొప్పున కట్టాలి. అడవంతా వింటోందని నువ్వే అంటున్నావుగా, అడవంతటికీ కట్టు."

గోరింక వెంటనే మాట మార్చింది. "అబ్బే, గొప్పకి అన్నాను కాకన్నా! నన్నెవరు వింటారు? కావాలంటే చెట్టు కిందున్న కుందేల్నీ తాబేల్నీ అడుగు."

స్నేహితులు కదా, ఆదుకుంటారనుకుంది. ఆదుకున్నారు. "దీన్నెవరు వింటారు?" అంది కుందేలు తడుముకోకుండా. తాబేలైతే నిద్రలేచి మరీ వచ్చి, "ఇది పాడుతుందా?" అని అడిగింది.

కాకికే జాలేసింది. వేరేచోట్ల వసూలు చేసుకొచ్చిన పళ్ళలోంచి ఒకటి గోరింక ముందు పెట్టి ఎగిరిపోయింది.

పరువు పోయిన గోరింక మర్నాడు నోరు విప్పలేదు. మధ్యాహ్నానికి కుందేలు వచ్చి చెట్టు కింద నిలబడింది. "ఏమే, ఇవాళ పాట లేదా? పొద్దున్నించీ ఏమీ తోచట్లేదు."

గోరింకకి ప్రాణం లేచొచ్చింది. ఎగిరి గంతేయబోయి, కాకి ఇచ్చిన పండు వైపు చూసింది. ఒక్క శ్రోతకి సరిపోతుంది.

"దగ్గరికి రా," అంది గొంతు తగ్గించి. "ఇంకెవరికీ వినపడకుండా పాడతాను."