ఇరవై లీటర్లు

నీటి మీటర్ల పరీక్షలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నా, వదిన ఇంట్లో ముందటి రెండూ తీసేసి మూడో మీటరు బిగిస్తూ అతను ప్రతి మరనూ రెండేసిసార్లు సరిచూసుకున్నాడు. ఆమె ఒక్కతే ఉండే ఆ ఇంట్లో రోజూ రాత్రి పదకొండింటికి, ఎవరూ కుళాయి తిప్పకుండానే, ఇరవై లీటర్లు ఖర్చవుతున్నాయి. కిందటేడు పోయిన అన్న స్నానానికి పట్టుకునే బకెట్టూ సరిగ్గా అంతే.

"మీటరు తప్పయితే హాయిగా పడుకుంటాను అబ్బాయీ. సరైనదే అయితే, మేడ మీద మీ అన్న గది తాళం తీస్తాను," అంది వదిన.

ఆ మీటరును సాయంత్రమే బల్ల మీద పరీక్షించాడు. చుక్క తేడా లేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

పదకొండయింది. టార్చి వెలుగులో మీటరులోని చిన్న ఎర్ర చక్రం తిరగసాగింది. గొట్టానికి చెవి ఆనించాడు. నీళ్లు మేడ మీదికే పోతున్నాయి.

"ఇదీ పాడు మీటరే వదినా," అన్నాడు.

"మీ అన్నకూ అంతే, అబద్ధం అతికేది కాదు."

ఇరవై దగ్గర చక్రం ఆగింది. పైన కుళాయి కిర్రుమని కట్టేసిన చప్పుడయింది.

వదిన దండెం మీది పొడి తువ్వాలు అందుకుని మెట్ల వైపు నడిచింది.