సత్తయ్య చెట్టు దిగని పూట

ఆ ఊళ్లో అందరి చేతులకూ గుండె లయ కనిపెట్టే పట్టీలే. చార్జింగు ఆదా చేయడానికి అవి పక్కనున్న పట్టీకే కబురు అందిస్తాయి. అలా చేయి చేయి మారిన కబురు, అందరికంటే ఎత్తున ఉన్నవాడి పట్టీ నుంచి పట్నం ఆసుపత్రికి చేరుతుంది. పొద్దున పూట ఆ ఎత్తు కల్లు గీసే సత్తయ్యది.

ఆ రోజు తాటిచెట్టు కొసన కల్లు పట్టే లొట్టి మారుస్తుండగా అతని పట్టీ ఆగకుండా అదిరింది. కింద ఎవరికో గుండె లయ తప్పింది. ఎవరికన్నది పట్టీ చెప్పదు. అంబులెన్సు వచ్చేదాకా మాత్రం కబురు తెగకూడదు. అప్పుడే ఈదురుగాలి లేచింది. సత్తయ్య నడుముకున్న మోకు బిగించి మట్టను కరచుకున్నాడు. ఇంటి వైపు చూస్తే భార్య మణెమ్మ వాకిట్లో కనపడలేదు.

"దిగవేంది సత్తన్నా? గాలికి రాలిపడతవ్! ఈడ మా గొంతులెండుతున్నయ్!" కల్లుకొచ్చిన నర్సింలు కింది నుంచి నవ్వాడు.

"దిగితే ఎవరిదో పానం పోతదిరా! నోర్మూసుకొని కూసో!"

కాళ్లు వణుకుతున్నా సత్తయ్య కదల్లేదు. అంబులెన్సు అతని ఇల్లు దాటిపోయి నర్సింలు వాకిట్లో ఆగింది. నర్సింలు నవ్వు మాని పరుగెత్తాడు.

కొన్నాళ్లకు నర్సింలు తల్లి బుచ్చవ్వ ఆసుపత్రి నుంచి వచ్చి, నేరుగా సత్తయ్య దగ్గరికి నడిచింది. అతన్ని కూర్చోబెట్టి నువ్వుల నూనెతో పిక్కలు రుద్దసాగింది.

"పెద్దదానివి, నా కాళ్లు పట్టుడేందవ్వా?"

"ఊకో బిడ్డా. నా గుండె నిలవడ్డది గీ కాళ్ల మీదనే."