బెల్టు ఎందుకు ఆగింది

బెల్టు మళ్లీ ఆగిపోయింది.

ఆగీ ఆగగానే లైన్లోని ఆడవాళ్లంతా స్టూళ్ల మీంచి లేచి బాత్‌రూముల వైపు పరుగు తీశారు. లైన్ లీడర్ న్యాన్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని లువా మీదికొచ్చింది.

"చూశావా? నీ దిక్కుమాలిన ప్రోగ్రాం మళ్లీ చచ్చింది! నా టార్గెట్ ఎవరు పూర్తిచేస్తారు, మీ తాతా?"

లువా లాప్‌టాప్ మీదికి వంగింది. బెల్టును నడిపే ఆ ప్రోగ్రాం రాసింది తనే. హనోయ్‌లో తన ఆఫీసులో వారాల తరబడి గుండ్రాయిలా నడిచేది, ఈ హైఫాంగ్ ఫ్యాక్టరీకొచ్చేసరికి రోజుకి రెండు మూడుసార్లు పడిపోతోంది. పడినప్పుడల్లా లేపమని న్యాన్‌కి ఒక లాగిన్ కూడా ఇచ్చారు. ఆమె విసుక్కుంటూ లేపుతుంది. మళ్లీ పడుతుంది.

బయల్దేరేటప్పుడు బాస్ తోవన్ తెగేసి చెప్పాడు. "ఇవాళ కారణం తేలాలి. తప్పు నీ కోడ్‌లోనే ఉందని తేలితే అట్నుంచి అటే ఇంటికెళ్లిపో. ఇక ఆఫీసుకి రానక్కర్లేదు."

తన కోడ్‌లో తప్పు లేదని లువాకి తెలుసు. తెలిస్తే సరిపోతుందా? చూపించాలి.

దానికి ఒక్కటే దారి. ప్రోగ్రాం చచ్చిపోయే క్షణంలో దాని కడుపులో ఏముందో, ఏ పని మధ్యలో ఉందో, ఎలా చచ్చిందో అంతా, కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే కెర్నల్ ఒక ఫైల్లోకి దించి పెడుతుంది. కోర్ డంప్ అంటారు. శవపంచనామా లాంటిది. అది చేతికొస్తే ఇక వాదనలుండవు.

ఆ ఫైలే దొరికి చావడం లేదు. పొద్దున ప్రోగ్రాం పడిపోయినప్పుడు వెతికితే ఏమీ లేదు. డిస్కు నిండిపోతుందని ఎవరో మహానుభావుడు డంప్ సైజుని సున్నాకి కట్టేసి పెట్టాడు. లువా పళ్లు నూరుకుంటూ ఆ కట్టు విప్పి, ప్రోగ్రాంని మళ్లీ మొదలుపెట్టి, కాచుక్కూచుంది. ఇప్పుడు ఫైలు వచ్చింది. సగమే వచ్చింది. తెరిస్తే తెరుచుకోదు.

డిస్కులో చోటు లేదు. ఏం నిండిందా అని చూస్తే, వార్షికోత్సవంలో మేనేజర్ ఖియెం పాడిన కరావొకే వీడియోలు!

"ఇవి తీసెయ్యాలి సార్."

"అన్నీనా?" ఖియెం మొహం వేలాడేశాడు. "ఆ రెండో పాట ఉంచవా? అది బాగా కుదిరింది."

లువాకి అరవాలనిపించింది. అరవలేదు. రెండో పాటతో సహా అన్నీ తీసేసింది. న్యాన్ ప్రోగ్రాంని లేపింది. బెల్టు కదిలింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. పడకూడనప్పుడు పడే ప్రోగ్రాం, పడమని ఎదురుచూస్తుంటే పడదు.

"అక్కా, బాత్‌రూముకి వెళ్లొస్తా," అని లేచింది లువా.

"కార్డేదీ?"

"ఏం కార్డు?"

న్యాన్ స్తంభానికున్న ఖాళీ మేకు చూపించింది. "లైన్ మొత్తానికి ఒకటే కార్డు. అది మెళ్లో ఉంటేనే గార్డు వెళ్లనిస్తాడు. ఇప్పుడెవరో పట్టుకెళ్లారు. వాళ్ల తర్వాత ఇంకా నలుగురైదుగురున్నారు. బెల్టు నడుస్తున్నంతసేపూ అదే రూలు. హనోయ్ దొరసానివైనా సరే, బిగబట్టుకో."

"ఇదేం రూలక్కా?"

"నన్నడుగుతావేం? నువ్వొచ్చిన పని చూసుకో."

ఎదురుగా హ్వే కూచుని ఉంది. నిండు గర్భిణి. బెల్టు మీదికి వంగలేక స్టూలు అంచుకి జరిగి, పెదవి కొరుక్కుంటూ స్క్రూలు బిగిస్తోంది. చూళ్లేక లువా తల తిప్పుకుంది.

అంతలో బెల్టు ఆగింది. అందరికంటే ముందు హ్వే లేచింది.

"ఏడ్చినట్టుంది నీ రిపేరు!" న్యాన్ గొంతు షెడ్డంతా వినిపించింది. "పొద్దుట్నుంచీ కూచుని ఏం పీకావమ్మా?"

లువా అవేవీ పట్టించుకోలేదు. ఈసారి ఫైలు పూర్తిగా వచ్చింది. తెరిచింది. చదివింది. నమ్మకం కుదరక మొదట్నుంచీ మళ్లీ చదివింది. ఆ తర్వాత తలెత్తి హ్వే ఖాళీ స్టూలు వైపు చూసింది. బాత్‌రూముల దగ్గర్నుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

ఖియెం ఊడిపడ్డాడు. "దొరికిందా?"

"దొరికింది సార్."

"ఎవరిది తప్పు? మా మెషీన్‌దా?"

"కాదు సార్. నాదే. నా కోడ్‌లోనే ఉంది."

"ఎప్పటికి బాగవుతుంది?"

"చెప్పలేను సార్. మొత్తం తిరగరాయాలి. అప్పటిదాకా రోజూ ఇలా కాసేపు ఆగుతూనే ఉంటుంది. మళ్లీ లేపితే నడుస్తుంది."

"ఖర్మ! ఇంకోటి కొందామంటే పైవాళ్లు ఒప్పుకోరు," అని గొణుక్కుంటూ ఖియెం అక్కడే నిలబడి తోవన్‌కి ఫోన్ చేశాడు. అంతా చెప్పి, ఫోన్ లువా చేతికిచ్చాడు.

తోవన్ కేకలెయ్యలేదు. "ముందే చెప్పాగా," అని పెట్టేశాడు.

ఏడుపొచ్చింది లువాకి. ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. రేపు అమ్మకి ఏం చెప్పాలో తెలీదు.

న్యాన్ ఒక గ్లాసు చల్లటి టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "తాగు. ప్రోగ్రాంలన్నాక పడకుండా ఉంటాయా? ఇంతదానికే కన్నీళ్లెందుకూ?" అనేసి బెల్టు దగ్గరికెళ్లిపోయింది.

లువా టీ తాగింది.

నిక్షేపంగా నడుస్తున్న ప్రోగ్రాంని చంపమన్న ఆజ్ఞ న్యాన్ లాగిన్ నుంచే వచ్చిందని కెర్నల్ స్పష్టంగా రాసిపెట్టిన ఆ ఫైలుని, బ్యాగు సర్దుకునే ముందు, తన చేత్తోనే చెరిపేసింది.