ఇంకొక్కటి ఎగరాలి

"బుల్లీ, మళ్ళీ వచ్చిందే! ఇటు రా, ఈ కొమ్మ చూడు!"

బాల్కనీలోంచి అక్క సంబరంగా పిలిచింది. చెల్లెలు చేతిలోని టీ గ్లాసు ఎక్కడిదక్కడ పెట్టి పరిగెత్తింది. కుండీలోని నిమ్మ మొక్క మీద, నిన్న సాయంత్రం దాకా ఖాళీగా ఉన్న కొమ్మ మీద, చిటికెన వేలంత పచ్చటి గొంగళిపురుగు. అత్తారింటికి వచ్చిన అల్లుడిలా తాపీగా ఆకు నములుతోంది.

"నిన్న లేదు కదక్కా?"

"చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటుందే. నీ కళ్ళు కుట్టు మీదే గానీ చెట్టు మీద ఎప్పుడుంటాయి?"

"ఒక్క రాత్రిలో ఇంత పెరుగుతుందా?"

"పెరగడానికి ముహూర్తం పెట్టించుకోవాలా ఏంటి?"

చెల్లెలు నవ్వింది. నవ్వింది గానీ గుండెల్లో రాయి పడింది. ఈ పురుగు కడుపు నిండా తిని, గూడు కట్టి, రెక్కలొచ్చి ఎగిరేదాకా తను ఊరు దాటడానికి లేదు. అది అక్క పెట్టిన షరతు.

కాదనడానికి నోరెలా వస్తుంది? అమ్మ పోయాక జడలు వేసింది అక్క, బడికి పంపింది అక్క, కుట్టు మిషను కొనిపెట్టిందీ అక్కే. అలాంటి మనిషి మెట్ల మీద నుంచి పడి చక్రాల కుర్చీకి అతుక్కుపోయింది. ఎముకలు అతికాయన్నాడు డాక్టరు. నడక ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. "కాళ్ళకే పని లేనప్పుడు చెప్పులెందుకే, ఎవరికైనా ఇచ్చెయ్" అంది అక్క. ఆ చెప్పులు పనిమనిషి చేతిలో పెట్టిన రోజు చెల్లెలు వంటింట్లో తలుపేసుకుని ఏడ్చింది. రోజూ సాయంత్రం తను పనిచేసే కుట్టు దుకాణం నుంచి రాగానే గోరువెచ్చని నీళ్ళతో ఆ కాళ్ళు కడిగి, నూనె రాసి మర్దన చేస్తుంది.

ఇలా ఉండగా వేరే ఊరి నాటక కంపెనీ నుంచి కబురొచ్చింది. వేషాలు కుట్టే విభాగమంతా ఆమె చేతికిస్తారట, ఉండడానికి గది కూడా ఇస్తారట. చిన్నప్పుడు బొమ్మలకు కిరీటాలు కుట్టిన పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి? అక్కను తన దగ్గర ఉంచుకుంటానని పిన్ని కూడా ఒప్పుకుంది.

"పిన్ని దగ్గరికి వెళ్తానే, వెళ్ళనని అన్నానా?" అంది అక్క. "ప్రాణమున్నవాటిని వదిలేసి ఎలా పోను? పురుగు కనిపిస్తే పిన్ని చీపురు తీస్తుంది. ఉన్నవన్నీ ఎగిరిపోనీ."

ఉన్నవన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ వచ్చాయి. అవీ ఎగిరిపోయాయి. చెల్లెలి ప్రయాణం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

పిట్టల బెడద లేకుండా బాల్కనీకి చుట్టూ వల కట్టి ఉంది. సీతాకోకచిలుక లోపలికొచ్చి గుడ్లు పెట్టాలంటే ఎక్కడో సందుండాలి. మొన్న అక్క కునుకు తీస్తుంటే చెల్లెలు వెతికింది. మూలన చిరుగు కనిపించింది. సూదీ దారం తెచ్చి గట్టిగా కుట్టేసింది. అక్క నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టే అనిపించింది. అయినా కుట్టింది.

తీరా చూస్తే ఇవాళ మళ్ళీ పురుగు! నా బుద్ధి దేవుడికే నచ్చలేదు కాబోలు అనుకుంటూ, ఏ అవసరం వస్తుందోనని ఎప్పటిలాగే తాళం వేయకుండా తలుపు దగ్గరగా లాగి బయలుదేరింది.

కింది వాటాలో మామ్మగారు నిమ్మచెట్టుకు నీళ్ళు పెడుతూ గొణుక్కుంటోంది. "పాదు చేసినంతసేపు పట్టదమ్మా, ఎవరో తొక్కి పోతున్నారు. కాయలు కావాలంటే అడగచ్చుగా!"

"పిల్లలై ఉంటారులెండి మామ్మగారూ" అని చెల్లెలు వీధిలోకి నడిచింది.

దుకాణంలో బట్ట కత్తిరిస్తుండగా ఫోన్ మోగింది. నాటక కంపెనీ మేనేజరు. "ఇక ఆగలేమమ్మా. వస్తున్నారా, లేదా?"

వలకు వేసిన కుట్టు కళ్ళ ముందు మెదిలింది. "రాలేనండి" అంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ కత్తెర అందుకుంది.

యజమాని ఆమె ముఖం చూసి చేతిలోని కత్తెర తీసుకున్నాడు. "ఇంటికెళ్ళు తల్లీ. ఈ వణుకుతో కత్తిరిస్తే చొక్కా కాస్తా జేబురుమాలవుతుంది."

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అక్క బాల్కనీలోనే ఉంది. అంత ఎండలోనూ నడుము నుంచి కిందికంటా దుప్పటి కప్పుకుంది. ముఖమంతా చెమట, ఊపిరి ఎగబోస్తోంది.

"ఇంత పెందరాళే వచ్చావేంటే?" అంది ఉలిక్కిపడి.

"రానని చెప్పేశానక్కా. ఇక ఎక్కడికీ వెళ్ళను. నువ్వూ పిన్ని ఇంటికి వెళ్ళక్కర్లేదు."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కోసమా?"

"నీ కోసమే. ఇంకో మాట, తిట్టకు. ఇవి రాకూడదని వల చిరుగు కుట్టేసింది నేనే. పాపిష్టిదాన్ని."

అక్క ఆమె తల ఒడిలోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు కాదే పిచ్చిమొహమా, నువ్వు కాదు" అంటూనే ఉంది. చెల్లెలికీ ఏడుపు ఆగలేదు. పోయిన ఉద్యోగం గుర్తొస్తే ఊపిరాడనట్టే ఉంది గానీ, అక్క చెయ్యి తల నిమురుతుంటే చేసింది మంచి పనే అనిపించింది. తల ఎత్తి చూస్తే నిమ్మ కొమ్మ మీద పొద్దుటి పురుగు పక్కన మరొకటి చేరి ఉంది.

కళ్ళు తుడుచుకుని లేచి, గోరువెచ్చని నీళ్ళు బేసిన్‌లో తెచ్చి కుర్చీ ముందు కూర్చుంది.

"ఇప్పుడొద్దులేవే, సాయంత్రం చూద్దాం" అంటూ అక్క దుప్పటి రెండు చేతులా పట్టుకుంది.

"రోజూ చేసేదేగా, ఇవాళ కొత్తగా సిగ్గేంటి?" చెల్లెలు నవ్వుతూ దుప్పటి తప్పించి, రెండు పాదాలూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

అక్క అరికాళ్ళ నిండా తడి మట్టి.