సూదే కావాలన్న మనిషి

“మాత్రలు నాకొద్దమ్మా. సూదే కావాలి,” అంటూ రిటైర్డ్ బస్సు డ్రైవరు బల్ల మీది మాత్రల డబ్బాను వేలితో వెనక్కి తోశాడు.

మార్కెటింగ్ మేనేజరు మొహమ్మీది నవ్వు చెదరనివ్వలేదు. గదికి ఒకపక్క గోడంతా అద్దమే. దాని వెనక కూర్చున్నవాళ్ళకు ఈ గది కనిపిస్తుంది, వాళ్ళు మాత్రం ఇటు కనిపించరు. అక్కడ డైరెక్టరుగారు కూర్చుని ఉన్నారు.

షుగరున్నవాళ్ళు రోజూ సూదితో ఎక్కించుకునే మందును వాళ్ళ కంపెనీ మింగే మాత్రగా మార్చింది. ఇక మార్కెట్టంతా మింగే మందులదేనని ఆమె నమ్మకం. డైరెక్టరుగారి లెక్క వేరు. వారానికోసారి పెన్నులా నొక్కుకునే ఇంజెక్షన్లు వచ్చేస్తున్నాయని, జనం అటే మొగ్గుతున్నారని, పెట్టుబడి కూడా అటే పెడదామని ఆయన పట్టు. ఎవరి మాట నెగ్గాలో మందు వాడేవాళ్ళే తేలుస్తారనుకుని, రోజూ సూదులు వేయించుకునే కొందరిని పిలిపించి కూర్చోబెట్టారు. ఇక్కడ మాత్ర ఓడిపోతే ఆమె విభాగం మూతపడుతుంది. ఆ మాత్ర కోసం ఏళ్ళ తరబడి ల్యాబులో రాత్రింబవళ్ళు పనిచేసినవాళ్ళు తలో దిక్కూ పోతారు.

అంతవరకూ అందరూ మాత్రకే తలూపారు. డ్రైవరు నోరు విప్పాక గాలి మారింది. పక్కనున్న టీచరమ్మ, ఆలోచిస్తే సూదే నయమేమో, మందు నేరుగా ఒంట్లోకి పోతుంది కదా అంది. వెనక కుర్చీలోని క్యాషియరుకు, పొద్దున మాత్ర వేసుకున్నదీ లేనిదీ మర్చిపోతానేమోనని కొత్తగా బెంగ పట్టుకుంది. అప్పటిదాకా నోరు మెదపని మరొకాయన కూడా గొంతు సవరించుకుంటున్నాడు. కుండెడు పాలలో ఉప్పుకల్లు పడ్డట్టయింది ఆమెకు. గబగబా టీకి విరామం ప్రకటించింది.

డైరెక్టరుగారు అద్దం గది తలుపు తీసుకుని బయటికొచ్చారు.

“చూశారుగా. ఒక్క మనిషిని ఒప్పించలేనివాళ్ళు ఊరందరినీ ఏం ఒప్పిస్తారు?” అని, జవాబు కోసం కూడా ఆగకుండా టీ కప్పుతో వెళ్ళిపోయారు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్రైవర్ని వరండా చివరికి పిలుచుకెళ్ళింది. మాత్ర గొంతు దిగదని భయమా అని అడిగింది. అలాంటిదేం లేదన్నాడు. కొత్త మందు మీద అనుమానమా అంటే, డాక్టరు ఇస్తే రాళ్ళయినా మింగుతానన్నాడు. ఖర్చు గురించా అంటే, రెండూ ఒకే ధరని మీరేగా చెప్పారన్నాడు. పోనీ సూది నొప్పి పుట్టదా అంటే, ఎందుకు పుట్టదు, ప్రాణం పోయినంత పనవుతుంది అన్నాడు. దాంతో ఆమె ఓపిక అడుగంటింది.

“మరెందుకు బాబాయిగారూ ఈ మొండిపట్టు? మీ ఒక్క మాటకి మా అందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది.”

డ్రైవరు కిటికీలోంచి కింద ఆగివున్న బండ్లకేసి చూశాడు.

“మా ఆవిడ నాతో మాట్లాడదమ్మా. ఆవిడ కుట్టుమిషను పాతబడిందని అడక్కుండా అమ్మేశాను. ఆ మిషను తొక్కి తొక్కే నన్ను డ్రైవింగు నేర్చుకోడానికి పంపింది. ఆ సంగతి అమ్మేశాక గుర్తొచ్చింది నాకు. వెనక్కి తెద్దామని పరిగెత్తితే, కొన్నవాడు అప్పటికే దాన్ని విప్పి పాత ఇనుములో కలిపేశాడు.” “అన్నం పెడుతుంది, పక్క వేస్తుంది. మాట మాత్రం లేదు. పొద్దున సూది వేసేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని ‘కదలకండి’ అంటుంది. రోజంతటికీ నాకు దక్కేది ఆ ఒక్క మాటే. మీ మాత్ర వస్తే అదీ పోతుంది.”

మేనేజరుకు జాలి వేయాల్సింది పోయి ఇంకా చిరాకేసింది. ధర ఎక్కువంటే తగ్గిస్తారు, మాత్ర చేదంటే పైన తీపి పూస్తారు, దీనికేం చేస్తారు? ఇన్నాళ్ళూ తను చదివిన మార్కెట్ లెక్కల్లో ఇలాంటి కారణం ఎక్కడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయనతో వచ్చిన భార్య కింద రిసెప్షన్‌లోనే కూర్చుని ఉందని. అలిగిన మనిషికి రోజూ మొగుడి చెయ్యి పట్టుకుని సూది పొడవడం ఏం సరదా? ఆవిడ ఒక్క మాటంటే ఆయన కాదనలేడు. మేనేజరు రెండేసి మెట్లు దాటుకుంటూ దిగింది.

ఆవిడ సోఫా అంచున, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు చెప్పిందేమీ బయటపెట్టకుండా, మేనేజరు మాత్ర సంగతంతా వివరించింది. ఇక రోజూ ఆ సూది గోల మీకుండదు పిన్నిగారూ, ఆయనకు మీరే నచ్చజెప్పాలి అంది.

ఆవిడ మొహం వాడిపోయింది. “ఆయన సరేనన్నారా?”

“లేదు. సూదే కావాలంటున్నారు.”

ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. అయితే అలాగే కానివ్వమంది, ఆయన్ని బలవంతపెట్టొద్దంది.

మేనేజరుకు అంతవరకూ బిగబట్టుకున్న విసుగు కట్ట తెంచుకుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ సూదినే పట్టుకుని వేలాడుతున్నారు, ఆ మందు మీద మీకంత నమ్మకమేమిటని కాస్త గట్టిగానే అడిగేసింది.

ఆవిడ మెట్లవైపు ఓసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

“మందెక్కడిదమ్మా? షుగరు అదుపులోకొచ్చింది, ఇక సూది అక్కర్లేదని డాక్టరుగారు నాతో చెప్పి చాన్నాళ్ళయింది. ఆయన భయంతో మొహం అటు తిప్పుకుంటారుగా, నేను చెయ్యి పట్టుకుని గిల్లి వదిలేస్తున్నాను.”