మైకు ఆగిన ఇల్లు

సినిమా బండి మైకు ఆ ఇంటి దగ్గరికి రాగానే ఆగిపోయింది. ఇల్లు దాటాక మళ్ళీ మొదలైంది.

వెనకాల ఎండుచేపల తట్టతో వస్తున్న సూరమ్మకు వింతగా తోచింది. పక్క పల్లె నుంచి ఉప్పాడ నేతవాళ్ళ వీధికి ఆమె రావడం అదే మొదలు.

లోపల ఎవరైనా చావుబతుకుల్లో ఉన్నారా? పోనీ పెద్ద షావుకారి ఇల్లా?

చూస్తే పాత పెంకుటిల్లు. మగ్గం ఆడుతున్న చప్పుడు తప్ప మరేం లేదు.

అలవాటు కొద్దీ కేక వెయ్యబోయింది. అరుగు మీద గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలావిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ మెల్లిగా అమ్మా. లోపల చిట్టియ్య ఉన్నాడు. అరుపులు పడవు."

"జబ్బా మామ్మా?"

"జబ్బేం కాదు. వాడి తీరంతే."

సూరమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. నడివయసు మనిషి ఒకడు ముందుకీ వెనక్కీ ఊగుతూ నేస్తున్నాడు. తలెత్తలేదు. మగ్గం మీది చీర మీంచి ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

అప్పట్నుంచి ఆ వీధిని గమనించడం ఆమెకు పనైపోయింది.

పెళ్ళి ఊరేగింపు వస్తే బాజాలు మలుపులోనే ఆగేవి. రంగు మార్చాలంటే చీరలు నేయించే షావుకారు ముందురోజే వచ్చి చెప్పి, జవాబు కోసం నిలబడకుండా వెళ్ళిపోయేవాడు. పిల్లల బంతి ఆ ఇంట్లో పడితే గుమ్మం మీద తట్టి ఊరుకునేవారు. కాసేపటికి బంతి దానంతటదే దొర్లుకుంటూ బయటికొచ్చేది.

సూరమ్మకు ఇదంతా అంతగా ఎందుకు పట్టిందంటే, ఇంటి దగ్గర ఆమెకో కూతురుంది. పేరు మరిడమ్మ. ఆరేళ్ళొచ్చినా మాట లేదు. సందడి వింటే చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లుతుంది. గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. బడిలో వద్దన్నారు. మొగుడు లేని మనిషి కావడంతో, తట్ట ఎత్తుకునే ముందు సూరమ్మ పిల్లని పాతచీరతో గుంజకు కట్టేసి వచ్చేది. కట్టేటప్పుడు దాని మొహం చూసేది కాదు.

ఒకరోజు ఈ సంగతి ముసలావిడకు చెప్పుకుంది. ఆవిడ పేరు పెద్దింట్లమ్మ.

పెద్దింట్లమ్మ లోపలికి చూసింది. మగ్గం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది.

"రేపు తీసుకురా," అంది.

మర్నాడు మరిడమ్మ ఏడుస్తూనే వచ్చింది. మగ్గం చప్పుడు ఒకే తీరున నడుస్తుంటే, కాసేపటికి చెవుల మీంచి చేతులు తీసింది. చిట్టియ్య దానివైపు చూడలేదు. పక్కనున్న రాట్నం మాత్రం చేత్తో దానివైపు జరిపాడు. పిల్ల చక్రం తిప్పింది. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంది.

అతను నోటితో ఏదీ నేర్పలేదు. తను నూలు చుట్టి చూపించేవాడు, ఆగేవాడు. వానలు పడేనాటికి మరిడమ్మ కండెలు చుడుతోంది. మాట రాలేదు గానీ, పొద్దున్నే తల్లి కొంగు పట్టుకుని ఆ వీధివైపు లాగడం వచ్చింది.

సూరమ్మ గుంజకున్న పాతచీర విప్పేసింది.

దండాలన్నీ పెద్దింట్లమ్మకే పెట్టేది. కొడుకు ఇంతవాడయ్యాడంటే నీ చలవే మామ్మా అనేది. నాదేముందమ్మా అని ఆవిడ నవ్వేది. చిట్టియ్యతో మాత్రం సూరమ్మ ఒక్క మాటైనా మాట్లాడి ఎరగదు.

"నేను పోయాక దీన్నెవరు చూస్తారు మామ్మా?" అని ఒకసారి అడిగింది. పెద్దింట్లమ్మ ఏదో చెప్పబోయేంతలో వాన వచ్చింది.

ఆ వానల్లోనే జ్వరమొచ్చి పెద్దింట్లమ్మ పోయింది.

కబురు తెలిసి సూరమ్మ పిల్లని తీసుకుని పరుగున వచ్చేసరికే దహనం అయిపోయింది. లోపల మగ్గం ఆగి ఉంది. చిట్టియ్య పొయ్యి మీంచి జావ దింపి రెండు గిన్నెల్లో పోశాడు. రెండోదాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా మరిడమ్మ ముందుకు జరిపాడు.

సూరమ్మకు కన్నీళ్ళాగలేదు. బయటికొచ్చి ఎదురింటి నేతగాడు చిన్నబ్బాయితో అంది.

"కన్నతల్లి పోయింది. ఇక ఈయన్ని సాకేదెవరు బాబూ? పూటకింత నేను వండిపెడతాను."

చిన్నబ్బాయి ఆమెవైపు వింతగా చూశాడు.

"తల్లనుకున్నావా? వాడి తల్లి వాడి చిన్నప్పుడే పోయింది. తండ్రి వాడికి మగ్గం నేర్పాడు. మేం మెల్లిగా మాట్లాడ్డం నేర్చుకున్నాం."

"మరి మామ్మ ఎవరండీ?"

"సముద్రం ఇల్లు కోసుకుపోతే మూటతో వచ్చి ఈ వీధి చివర కూలబడింది. ఎవరింట్లో పెడదామా అని మేమింకా మాట్లాడుకుంటుంటే, చిట్టియ్య వెళ్ళి ఆ మూట తెచ్చి తనింట్లో పెట్టాడు. లేవలేని ఆ మనిషికి ఇన్నేళ్ళూ వండిపెట్టి సాకింది వాడేనమ్మా."