డబ్బులు కట్టక్కర్లేదు, పలకండి!

కొండల్లో మనిషి తప్పిపోతే వెతికే పద్ధతి ఒకటే. వరసగా నడవాలి, పేరు పెట్టి పిలవాలి, ఆగి చెవులు రిక్కించాలి.

గాలింపు జట్టులో అందరూ అదే చేసేవారు, ఒక్క ఫ్రీ బాబాయ్ తప్ప.

వరసలో చివర నడుస్తూ, చేతి మైకు నోటికి ఆనించి, ఆయన వేరే పాట అందుకునేవాడు.

"డబ్బులేం కట్టక్కర్లేదు, పలకండి! అంతా ఫ్రీ, పలకండి!"

కూరగాయల బండివాడిలా ఈ అరుపేమిటని జట్టంతా నవ్వుకునేది. ఆ పేరు అలా అతుక్కున్నదే.

గాలింపు జట్టు ఆఫీసులో కొత్తగా చేరిన క్లర్కమ్మాయికి ఏదైనా ఎందుకని అడగందే నిద్ర పట్టదు.

"ఎందుకు బాబాయ్ అలా అరుస్తారు?"

బూట్ల బురద గీక్కుంటూ ఆయన నవ్వాడు. "గొంతు పెద్దది కదమ్మా, వాడుకోవద్దూ!"

అది జవాబు కాదని ఆమెకు తెలుసు. వెళ్ళి లీడర్ని అడిగింది.

"నేనొచ్చి ఐదేళ్ళు. అప్పటికే అరుస్తున్నాడు. ఓ టీ ఇచ్చి వదిలెయ్యి తల్లీ!"

లీడరు చెడ్డవాడేం కాదు, విసిగిపోయాడంతే. చెప్పులేసుకుని కొండెక్కేవాళ్ళు కొందరు. కాళ్ళు నొప్పెడితే టాక్సీని పిలిచినట్టు ఫోన్ చేసేవాళ్ళు కొందరు. కిందటి నెల సెల్ఫీ కోసం బండ అంచుకు పోయిన ఒక మహానుభావుణ్ణి దించబోయి, కూలిపని మానుకొచ్చిన జట్టు మనిషి భుజం విరగ్గొట్టుకున్నాడు. దిగినవాడు థాంక్స్ కూడా చెప్పలేదు.

అందుకే మీటింగు పెట్టాడు.

"ఇకనుంచి మనం వెతికి తెచ్చినవాళ్ళు బిల్లు కట్టాలి. కొండ మొదట్లో బోర్డు పెడదాం. ఏమంటారు?"

చేతులన్నీ లేచాయి, ఒక్కటి తప్ప.

"బిల్లుకు భయపడి పలకనివాళ్ళుంటారయ్యా," అన్నాడు బాబాయ్.

"భలేవాడివి బాబాయ్! ప్రాణం మీదికొస్తే ఎవడైనా పలుకుతాడు."

అందరూ గొల్లుమన్నారు. క్లర్కమ్మాయి కూడా నవ్వేసింది.

బాబాయ్ లేచి మైకు బల్లమీద పెట్టాడు. "అబద్ధం అరవలేను కదా," అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. రెండు నెలలకు గుండెపోటుతో పోయాడని కబురొచ్చింది. "అయ్యో పాపం" అన్నారు. పనెక్కువగా ఉందని ఆఫీసునుంచి ఎవరూ వెళ్ళలేదు.

ఆ తరవాతి వారమే ఒక టైలరమ్మ తప్పిపోయింది. సెలవు దొరికితే ఒంటరిగా కొండెక్కడం ఆవిడకు అలవాటట.

రెండు రోజులు పిలిచారు. కొండ పలికిందిగానీ మనిషి పలకలేదు.

మూడోరోజు, మంచినీళ్ళకని పక్కకు దిగిన జట్టు మనిషికి రాతి సందులో కనిపించింది. కాలు విరిగింది, ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. బాటకు ముప్ఫై అడుగుల దూరం కూడా లేదు.

వివరాలు రాసుకోవడానికి క్లర్కమ్మాయి ఆస్పత్రికి వెళ్ళేసరికి, ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

"అక్కా, మేం పిలిచింది వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"బోర్డు చదివా కదమ్మా. మిషను అమ్మినా ఆ బిల్లు తీరదు. ఎలాగోలా పాక్కుంటూ దిగిపోదామనుకున్నా. మీరు దగ్గరికొచ్చినప్పుడల్లా నోరు నొక్కుకున్నా."

"రెండు రోజులూనా!"

"రెండోనాటికి పలుకుదామనే అనుకున్నా. అప్పటికి గొంతు పెగల్లేదు."

మీటింగులో తను నవ్విన నవ్వు గుర్తొచ్చి క్లర్కమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది.

సంగతంతా వెళ్ళి లీడరుకు చెప్పింది.

"బోర్డు పీకించెయ్యమ్మా," అన్నాడు. "అది సరే, ముసలాయనకు ముందే ఎలా తెలుసు?"

ఆమెనూ తొలుస్తున్నది అదే. తుప్పుపట్టిన పాత బీరువా తాళం విరగ్గొట్టించి, మధ్యాహ్నమంతా దుమ్ములో కూర్చుని వెతికింది. అట్టడుగున ఇరవయ్యేళ్ళ నాటి ఫైలు దొరికింది. అందులో రెండే కాగితాలు.

లీడరు దగ్గరికి తెచ్చి, రెండోది పైకి చదివింది.

"కాలేజీ అమ్మాయి. వయసు పందొమ్మిది. శవం బాటకు నలభై అడుగుల్లో దొరికింది. మేము పిలుస్తూ అటుగా రెండుసార్లు వెళ్ళాము. సంచిలో చీటీ ఉంది: 'పిలుపులు వినపడుతున్నాయి. నాన్న దగ్గర అంత డబ్బు లేదు.' బిల్లు కట్టాలన్న రూలు ఈరోజుతో రద్దు."

లీడరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పిల్ల బాబాయ్ కూతురా?"

"కాదండీ," అంటూ ఆమె మొదటి కాగితం అతని ముందు పెట్టింది.

బిల్లు కట్టి తీరాల్సిందేనన్న ఆనాటి రూలు అది. కింద, రూలు పెట్టిన లీడరు సంతకం ఫ్రీ బాబాయ్‌ది.